షైయాన్: పట్టాల వెంట పుట్టి నిలిచిన ఊరు



అమెరికా దేశపటమును తెరచి, మిస్సోరీ నదీతీరమందలి ఒమాహా నగరమునుండి పడమటి దిక్కునకు వ్రేలు జరుపుకొనుచు పోయినచో, నెబ్రాస్కా మైదానములు ముగిసి రాకీ పర్వతములు తల యెత్తబోవు తావున, సముద్రమట్టమునకు ఆరువేల అడుగులకు పైబడిన యెత్తున, షైయాన్ అను పట్టణము కనబడును. నేడది వయోమింగ్ రాష్ట్రమునకు రాజధాని. కాని 1867వ సంవత్సరపు వేసవికి పూర్వము అచ్చట వేసిన వీధి గాని కట్టిన యిల్లు గాని లేదు. క్రో క్రీక్ అను చిన్న వాగు, దాని కిరుప్రక్కల దిగంతము వరకు గడ్డి, ఆ గడ్డిని నమ్ముకొనిన అడవిదున్నల మందలు, ఆ మందలను నమ్ముకొనిన జనములు మాత్రమే యుండినవి. గుంతకల్లు, కాజీపేటల నెరిగిన మనకు రైలు కూడలియే ఊరిని పెంచుట క్రొత్త సంగతి కాదు. అయితే ఆ పడమటి దారిలో రైలు కొరకు పుట్టిన ఊళ్లు అనేకములు రైలు ముందుకు సాగిపోగానే నామమాత్రావశిష్టములైనవి. షైయాన్ మాత్రము నిలిచినది. ఎందువలన నిలిచినది, ఎవరి సొమ్ముతో నిలిచినది, ఎవరికి నష్టము కలిగించి నిలిచినది అను విషయములను ఆ ఊరి కట్టడముల మూలముననే తెలిసికొనవచ్చును.

ఈ చరిత్రకు మూలము 1862 జులై 1వ తేదీన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకము చేసిన పసిఫిక్ రైల్వే చట్టము. ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము ప్రజ్వరిల్లుచున్న దినములలోనే, తూర్పు రాష్ట్రములను కాలిఫోర్నియా తీరముతో ఇనుపదారి చేత కలుపవలెనని ఆ ప్రభుత్వము తలపెట్టినది. ఒమాహా నుండి పడమటగా నడచు భారము యూనియన్ పసిఫిక్ కంపెనీకిని, సాక్రమెంటో నుండి తూర్పుగా వచ్చు భారము సెంట్రల్ పసిఫిక్ కంపెనీకిని అప్పగింపబడినవి. పట్టాల కిరువైపుల గళ్ళుగళ్ళుగా కొలిచిన భూమిలో ఒక గడి విడిచి ఒక గడిని కంపెనీకి దానమిచ్చుటయే గాక, వేసిన ప్రతి మైలునకు మైదానమందు 16,000 డాలర్లు, పర్వతసీమయందు 48,000 డాలర్లు, రెండు పర్వతశ్రేణుల నడుమ 32,000 డాలర్లు చొప్పున ప్రభుత్వము బాండ్ల రూపమున అప్పు సమకూర్చినది. షైయాన్ దాటి కొన్ని మైళ్లు పోగానే మైదానపు లెక్క ముగిసి పర్వతపు లెక్క మొదలగును. కనుక ఆ తావు భూగోళమునందే గాక కంపెనీ ఖాతాపుస్తకములయందును ఒక పెద్ద సరిహద్దు.

ఆ తావునకే రైలు ఎందుకు వచ్చినదో తెలియుటకు కొండల తీరును కొంచెము గమనింపవలెను. డెన్వర్ నగర ప్రజలు ఇనుపదారి తమ ఊరి మీదుగా పోవలెనని ఎంతో ఆశించిరి. కాని డెన్వరునకు పడమట పర్వతములు గోడకట్టినట్లు లేచియున్నవి, ఆ కాలపు ఇంజను వానిని ఎక్కజాలదు. ఉత్తరమున షైయాన్ దగ్గర సృష్టి మరియొక విధముగా నున్నది. యుగయుగముల నాడు పర్వతములనుండి కొట్టుకొనివచ్చి పేరుకొనిన మట్టి, గులకరాతి పొరలు తక్కిన చోట్ల వాగుల కోతకు గురియై పోగా, ఇచ్చట మాత్రము ఒక ఇరుకైన మిట్ట, ఓడ నెక్కుటకు ఒడ్డునుండి వేసిన బల్ల వలె, మైదానమునుండి లారమీ కొండల నెత్తము వరకు ఎడతెగని ఏటవాలుగా మిగిలియున్నది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని గ్యాంగ్‌ప్లాంక్ అని వ్యవహరింతురు. యూనియన్ పసిఫిక్ కంపెనీ ప్రధాన ఇంజనీరు జనరల్ గ్రెన్విల్ డాడ్జ్, తాను 1865లో సైన్యముతో తిరుగుచుండగా ఆదివాసి వీరుల బారినుండి తప్పించుకొని దిగివచ్చుచు ఈ మిట్టను కనుగొంటినని తన స్మృతులలో వ్రాసికొనెను. పిదప జేమ్స్ ఇవాన్స్ అను ఇంజనీరు దానిని గొలుసులతో, దూరదర్శినులతో కొలిచి దారిగా స్థిరపరచెను. సుమారు ముప్పది మైళ్ల దూరములో రెండువేల అడుగులకు పైగా ఎక్కవలసిన ఆ దారియే షైయానునకు జన్మకారణము. కొండ యెక్కబోవు బండికి అడుగున ఇంజన్లను మార్చుకొనుటకు, అదనపు ఇంజన్లను తగిలించుకొనుటకు, నీరు బొగ్గు నింపుకొనుటకు, చెడిన యంత్రములను బాగుచేసికొనుటకు ఒక స్థావరము తప్పక కావలెను గదా!

1867 జులై మొదటి దినములలో డాడ్జ్ తన సర్వే బృందముతో క్రో క్రీక్ ఒడ్డున విడిసెను. జులై 4వ తేదీ అమెరికనుల స్వాతంత్ర్యదినము. ఆ నాడు ఆ గుడారముల నడుమ, అంతర్యుద్ధమున సేనాని గ్రాంట్ కుడిభుజమై పనిచేసిన జనరల్ జాన్ రాలిన్స్ ఉపన్యసించెను. వెంటనే పట్టణమునకు పటము గీయబడినది. డాడ్జ్ కొలతలు వేయించిన స్థలము చదరపు మైళ్లు నాలుగు. దాని ప్రక్కనే రైలు పనివారి రక్షణకై సైన్యము ఫోర్ట్ డి. ఎ. రసెల్ అను కోటను స్థాపించెను. ఆగష్టు మాసముననే ఊరికి మేయరు ఎన్నుకొనబడెను. సెప్టెంబరు 19న నేథన్ బేకర్ అను సంపాదకుడు 'షైయాన్ లీడర్' అను పత్రికను వెలువరించెను. కంపెనీ 150 డాలర్లకు అమ్మిన ఇంటిస్థలములు కొలదికాలములోనే వేయి డాలర్లు పలుకజొచ్చినవి. శ్రోతలారా, ఒక విషయము గమనింపుడు: అప్పటికింకను రైలు ఆ దరిదాపులకు రాలేదు. రాబోవు రైలును నమ్ముకొని నివాసులు, పురపాలనము, పత్రిక, బేరసారములు అన్నియు ముందే వచ్చి కూర్చున్నవి.

నవంబరు 13వ తేదీన పట్టాలు ఊరిని చేరినవి. ఆ పట్టాలను వేయించినవారు జాక్ కేస్‌మెంట్, డాన్ కేస్‌మెంట్ అను అన్నదమ్ములు. మైలునకు రమారమి 2,500 స్లీపరు చెక్కలు, 400 పట్టాలు. ఇవన్నియు వందల మైళ్ల వెనుకనున్న ఒమాహా నుండి, అప్పుడే వేసిన ఆ దారి మీదనే, బండ్లలో రావలెను. ఒక జట్టు చెక్కలు పరచుచుండగా, వెనుక జట్టు పట్టాను లాగి దింపుచుండగా, వేరొక జట్టు మేకులు కొట్టుచుండగా, ఆ పని సైనికుల కవాతువలె నడచెడిది. అందు పాల్గొన్నవారు చాలమంది ఐర్లాండునుండి వలసవచ్చిన కూలీలు, అంతర్యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు. వారి జీతపుడబ్బు కొరకు పట్టాల కొనవెంట సారాదుకాణములు, జూదశాలలు, నాట్యశాలలు ఒక ఊరుగా ఏర్పడి, పట్టాలతోబాటు కదలుచుండెడివి. షైయానునకు ముందు ఆ సంత కొలరాడో మూలనున్న జూల్స్‌బర్గ్ అను ఊర నుండినది. పట్టాలు షైయాను చేరగానే అచ్చటి వర్తకులు తమ డేరాలను, చెక్కగోడలను ఊడదీసి బండ్లపై కెక్కించుకొని వచ్చి క్రొత్తచోట నిలబెట్టుకొనిరి. ఆ చలికాలమున పని ఆగి వేలకొలది జనులు ఊర చేరిరి. దొంగతనములు, హత్యలు మిక్కుటము కాగా పౌరులే రహస్యసంఘముగా ఏర్పడి శిక్షలు విధించిరి. న్యాయస్థానము కంటె ఉరిత్రాడు ముందుగా వచ్చిన ఆ దినములు గర్వింపదగినవి కావు. కాని చరిత్ర చెప్పునపుడు దాచదగినవియు కావు.

1868 వసంతమున పట్టాలు కొండ యెక్కి లారమీ వైపు సాగినవి. వానితోబాటే సంత కూడ సాగిపోయినది. 1870 జనాభాలెక్కలలో షైయానున మిగిలినవారు 1,450 మంది. మరుసటి మజిలీలలో నొకటియైన బెంటన్ అను ఊరు ఆ 1868లోనే వెలసి, మూడు నెలలలో గాలికి కొట్టుకొనిపోయినది. షైయానునకు ఆ గతి పట్టకుండుటకు కారణములు నాలుగు కలవు. కొండ యడుగున ఇంజన్ల షెడ్లు, కార్ఖానాలు ఉండక తప్పదు, ఇది మొదటిది. ప్రక్కన సైనికస్థావరము, దూరపు కోటలకన్నింటికి సరకులు పంపు గిడ్డంగులు కలవు, ఇది రెండవది. తమ ఊరికి పెద్దదారి రానందున డెన్వర్ ప్రజలు తామే డెన్వర్ పసిఫిక్ అను దారిని వేసికొని 1870 జూనులో షైయానుతో కలుపుకొనిరి. దానితో ఇది కూడలి యైనది, ఇది మూడవది. 1868లో వయోమింగ్ టెరిటరీగా, అనగా ఇంకను రాష్ట్రము కాని పాలనాప్రాంతముగా, ఏర్పడగా, మరుసటి యేడు గవర్నరుగా వచ్చిన జాన్ కాంబెల్ షైయానునే తాత్కాలిక రాజధానిగా ఎంచుకొనెను, ఇది నాలుగవది. ఒక్క ఆధారముపై నిలిచిన ఊళ్లు ఆ ఆధారము తొలగినప్పుడు కూలినవి. షైయాను ఒకటి సడలినను మరియొకటి పట్టుకొనగల ఊరు.

ఇచ్చట ఆగి, ఆ ఊరు ఎవరి పేరు ధరించినదో వారిని స్మరింపవలెను. షైయాన్ అనునది ఆ మైదానములందు సంచరించిన ఆదివాసి జాతి పేరు. 1851లో ఫోర్ట్ లారమీ యొద్ద జరిగిన సంధి ప్రకారము, నార్త్ ప్లాట్, ఆర్కన్సా నదుల నడుమనున్న విశాలభూమి షైయాన్, అరపహో జాతులదని అమెరికా ప్రభుత్వమే అంగీకరించినది. ఈ పట్టణము వెలసిన తావు ఆ హద్దులలోనిదే. కొలరాడో కొండలలో బంగారము బయల్పడగా వచ్చిపడిన వలసల యెదుట ఆ మాట పదేండ్లయినను నిలువలేదు. 1864 నవంబరు 29న సాండ్ క్రీక్ ఒడ్డున, శాంతిని కోరి విడిసియున్న షైయాన్, అరపహో కుటుంబములపై కొలరాడో సైనికదళము పడి చంపినవారిలో స్త్రీలు, పసిబిడ్డలు, వృద్ధులే హెచ్చు. అట్టి గాయము పచ్చిగా నున్నప్పుడే ఇనుపదారి వారి వేటభూములను చీల్చుకొని వచ్చినది. వారు సర్వేబృందములపై పడిరి. 1867 ఆగష్టులో నెబ్రాస్కాయందు పట్టాలు పెరికి ఒక రైలును పడగొట్టిరి. వీరిని అడ్డంకులుగా మాత్రమే చిత్రించిన పుస్తకములు చాలకాలము నడచినవి. వారు రక్షించుకొనుచున్నది తమ అన్నము, తమ దారి, తమ శ్మశానములు అని గ్రహించినవాడే ఆ సంఘటనలను సరిగా చదువగలడు. రైలు వచ్చిన యిరువదేండ్లలోపల అడవిదున్నలు దాదాపు నశించినవి. ఆ జాతిలో ఉత్తరశాఖవారు నేడు మోంటానాయందు, దక్షిణశాఖవారు ఓక్లహోమాయందు జీవించుచున్నారు. ఊరు వారి పేరును ఉంచుకొనినది, వారికి చోటు నుంచలేదు.

ఇక ఆ ఊరు లోకమునకిచ్చిన మహత్తరమైన కానుక మాట. 1869లో షైయానున కూడిన మొదటి శాసనసభలో సభ్యులందరు పురుషులే. అందు విలియం బ్రైట్ అను సభ్యుడు స్త్రీలకు ఓటుహక్కు నిచ్చు బిల్లును ప్రవేశపెట్టగా, సభ అంగీకరించినది. డిసెంబరు 10వ తేదీన గవర్నరు కాంబెల్ దానిపై సంతకము చేసెను. సభ్యులలో కొందరు న్యాయబుద్ధితోను, కొందరు స్త్రీలు తక్కువగా నున్న ఆ సీమకు కుటుంబములు వలసవచ్చునను ఆశతోను సమ్మతించిరని చరిత్రకారులు చెప్పుదురు. ఉద్దేశము లేవైనను, ఫలితము స్థిరమైనది. 1871లో తరువాతి శాసనసభ ఆ చట్టమును రద్దుచేయజూచినది, గవర్నరు నిరాకరించెను, ఆయన నిరాకరణను త్రోసిపుచ్చుటకు ఒక్క ఓటు చాలక ఆ యత్నము విఫలమైనది. అమెరికా దేశమంతటను స్త్రీలకు ఆ హక్కు 1920లో వచ్చినది. మన మద్రాసు శాసనసభ 1921లో, ఆస్తి యర్హత గల స్త్రీలకు ఓటు నిచ్చినది. ఇంకను సగము గుడారములుగా నున్న ఒక రైలు ఊర అర్ధశతాబ్దమునకు ముందే ఈ ధర్మము వెలసినదన్న, నాగరికత పెద్దనగరములనుండియే పుట్టునను నమ్మకమును మనము సవరించుకొనవలసియున్నది.

రైలు తరువాత ఊరిని పోషించినది పశుసంపద. అడవిదున్నలు తొలగిన గడ్డిభూములలో టెక్సాస్ నుండి తోలుకొనివచ్చిన మందలు మేసినవి. షైయానునుండి రైలుపెట్టెలలో వానిని తూర్పునకు పంపి వర్తకులు కోటీశ్వరులైరి. 1880లో వారు స్థాపించుకొనిన షైయాన్ క్లబ్బులో బ్రిటిషు ప్రభువంశీయులు సైతము సభ్యులు. కాని గడ్డి భరింపగలిగినదాని కంటె మందలు హెచ్చినవి. 1886 వేసవిలో వానలు లేవు. ఆ వెనుక వచ్చిన శీతకాలమున మంచుతుపానులకు తాళలేక పశువులు లక్షలకొలదిగా చచ్చినవి. ఎన్నియో కంపెనీలు దివాలా తీసినవి.

ఊరి మహాసౌధములు రెండును సరిగా ఆ గడ్డుకాలముననే లేచినవనుట నన్ను ఎంతయు ఆకర్షించును. హెన్రీ వాన్ బ్రంట్ అను వాస్తుశిల్పి రూపొందించిన యూనియన్ పసిఫిక్ స్టేషనునకు 1886 జులైలో పునాదిరాయి వేసిరి. వయోమింగ్ కాపిటల్ భవనమునకు 1887 మే 18న పునాదిరాయి వేసిరి. నడుమ గడచినదే ఆ మృత్యుశీతకాలము. స్టేషను రోమనెస్క్ పద్ధతిని గట్టి కమానులతో, పైకెగసిన గడియారపు గోపురముతో, ఎరుపు గోధుమవన్నె ఇసుకరాతితో కట్టబడినది. కాపిటల్‌కు శిల్పి డేవిడ్ గిబ్స్. అడుగు వరుసల రాయి కొలరాడోయందలి ఫోర్ట్ కాలిన్స్ నుండియు, పైగోడల రాయి రాలిన్స్ నుండియు వచ్చినది. ఆ రాలిన్స్ పట్టణము పేరు 1867లో క్రో క్రీక్ ఒడ్డున ఉపన్యసించిన సేనానిదే. స్టేషను కాపిటల్ ఎవెన్యూ యొక్క ఒక కొనను, బంగారురేకు తొడిగిన గుమ్మటముతో శాసనభవనము రెండవ కొనను, ఒకదాని నొకటి చూచుకొనుచు నిలిచియున్నవి. నాడు రైలు దిగిన బాటసారికి మొదట కనబడుచుండినది ప్రజాపాలన మందిరము. ఆ మందిరపు మెట్లపై నిలిచినవానికి ఎదుట కనబడునది ఊరిని కన్న ఇనుపదారి. ఆ వీధిలో ఇటునుండి అటు నడచినచో ఆ ఊరి చరిత్రలో సగము చదివినట్లే.

1890 జులై 10న వయోమింగ్ నలుబదినాలుగవ రాష్ట్రముగా ఐక్యరాష్ట్రములలో చేరినది. ఆ నెల 23న కాపిటల్ ముంగిట జరిగిన ఉత్సవమున తెరీసా జెంకిన్స్ అను మహిళ ప్రధానోపన్యాసము చేసినది. ధ్వనివర్ధకములు లేని కాలము. గుంపు చివరనున్న వానికి కూడ తన మాట వినబడవలెనని ఆమె పచ్చికబయలులో నిలిచి సాధనచేసినదనియు, భర్త బగ్గీలో అంతకంతకు దూరము పోవుచు ఇంకను గట్టిగా పలుకుమని హెచ్చరించుచుండెననియు చెప్పుదురు. మైక్రోఫోను ముందు మెల్లగా మాటలాడి దేశమంతట వినిపించుకొను మా వంటివారు ఆ తల్లి శ్రమకు నమస్కరింపవలెను. ఆమె మాటకు విలువ కలిగించినది కంఠబలము మాత్రమే కాదు. వినుచున్న స్త్రీలు అప్పటికి ఇరువదేండ్లుగా ఓటర్లు. 1925లో నెల్లీ టేలో రాస్ ఈ షైయానుననే అమెరికాలో ప్రథమ మహిళా గవర్నరుగా ప్రమాణస్వీకారము చేసినది.

పడమట కొండ నెత్తమున మరియొక కట్టడము కలదు. దారి యొక్క అత్యున్నతస్థానమైన షెర్మన్ యొద్ద, యూనియన్ పసిఫిక్ నిర్మాణమునకు ధనసహాయము చేసిన ఓక్స్ ఏమ్స్, ఆలివర్ ఏమ్స్ సోదరుల స్మారకముగా, ప్రసిద్ధ వాస్తుశిల్పి రిచర్డ్‌సన్ రూపొందించిన గ్రానైటు పిరమిడు 60 అడుగుల యెత్తున నిలిచియున్నది. ఆ సోదరుల ముఖచిత్రములను చెక్కినవాడు శిల్పాచార్యుడు సెయింట్ గాడెన్స్. రైలు కంట్రాక్టుల అవినీతి వ్యవహారమున ఓక్స్ ఏమ్స్ 1873లో ప్రతినిధిసభచే అభిశంసింపబడినవాడు. రాయి ఆ మాట చెప్పదు కనుక మనము చెప్పుకొనవలెను. పిరమిడు కట్టిననాడు దాని క్రిందుగా బండ్లు నడచెడివి, ప్రక్కన షెర్మన్ అను ఊరుండెడిది. 1901 ప్రాంతమున కంపెనీ దారిని దక్షిణమునకు మార్చగా ఊరు మాసిపోయినది. స్మారకము మిగిలినది, ఊరు మిగులలేదు. ఒక్క రైలునే నమ్ముకొనిన ఊరి గతికిని షైయాను గతికిని గల భేదము ఆ పిరమిడు నీడలో నిలిచినవానికి స్పష్టమగును.

షెర్మన్ కొండ సవాలు ఇరువదవ శతాబ్దియందును తీరలేదు. 1941 మొదలు 1944 వరకు యూనియన్ పసిఫిక్ చేయించిన 'బిగ్ బాయ్' ఆవిరి ఇంజన్లు ఇరువదియైదు. నీరు, బొగ్గు మోయు టెండరుబండితో కలిసి ఒక్కొక్కటి 132 అడుగుల పొడవు. వానిలో 4004వ నంబరుది షైయాను హాలిడే పార్కులో నిలుపబడియున్నది. 4014వ దానిని ఆ ఊరి కార్ఖానాలోనే బాగుచేసి, రెండు దారులు యూటాయందలి ప్రామంటరీ యొద్ద కలిసిన 1869 మే 10కి నూటయేబది యేండ్లు నిండిన సందర్భమున, 2019లో మరల పట్టాల కెక్కించిరి. ప్రయాణికుల బండ్లు నేడు ఆ స్టేషనున ఆగవు. కాని కంపెనీ 1990 దశకమున భవనమును స్థానికసంస్థల కప్పగింపగా, పౌరులు దానిని బాగుచేసి రైలు చరిత్ర ప్రదర్శనశాలగా మలచుకొనిరి. 2006లో అది జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తింపబడినది.

శ్రోతలారా! ఊరు ఎచ్చట పుట్టవలెనో ఇంజనీరు గీసిన గీటు నిర్ణయింపవచ్చును, ఎన్నాళ్లు నిలువవలెనో ఆ గీటు నిర్ణయింపజాలదు. షైయానునకు జన్మనిచ్చినది రైలు. ఆయుర్దాయము నిచ్చినది రైలుతో వచ్చి రైలుతో పోక ఆగినవారు. వారు పత్రిక నడిపిరి, శాసనములు చేసిరి, స్త్రీని ఓటరుగా అంగీకరించిరి, పశుసంపద కూలినయేడే రాతికట్టడములను లేపిరి. అదే ప్రజ తమకు ముందున్నవారి హక్కును మన్నింపలేదు. ఈ రెండు సత్యములును ఒకే ఊరివి. ఒక ఊరి ప్రాచీనకట్టడములను కాపాడుట యనగా రాళ్లకు సున్నము పూయుట మాత్రమే కాదు. ఆ రాళ్లు చెప్పునదానిని, చెప్పక విడిచినదానిని కూడ తరువాతి తరమునకు నిజముగా అప్పగించుట. స్టేషనును, శాసనభవనమును దక్కించుకొనిన షైయాను పౌరులు ఆ పనిలో సగము నెరవేర్చిరి. పేరు నిచ్చిన జాతి కథను అంతే శ్రద్ధతో చెప్పికొనిననాడు తక్కిన సగమును నెరవేరును.